గంట మోగేదాకా

ఆ తరగతిలో పిల్లల్ని పేరు పెట్టి పిలిస్తే పలకరు. పలక్కపోవడమే అక్కడ గొప్ప.

అందరూ నాలుగైదేళ్ళ వాళ్ళు. ఇళ్ళ దగ్గర ఒక్కొక్కరూ ఇల్లు పీకి పందిరేసే రకాలే. అలాంటి మూక పొద్దున్నపూట చాపల మీద బుద్ధిగా కూర్చుని, తలా ఒక టాబ్ ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలు జతచేస్తూ, అంకెలు లెక్కపెడుతూ, అక్షరాలు వేలితో దిద్దుతూ కిక్కురుమనకుండా ఉంటే, చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. పక్క తరగతి టీచరు కిటికీలోంచి తొంగిచూసి, "ఏం మందు పెట్టావమ్మా వీళ్ళకి?" అని అడిగేది. టీచరమ్మ నవ్వి ఊరుకునేది. ఆ నవ్వులో కాస్త గర్వం ఉండేది. కాస్త ఏమిటిలెండి, బాగానే ఉండేది.

బడివాళ్ళు దానికి 'సొంత చదువు' అని పేరు పెట్టారు. పిల్లలు ఎవర్నీ అడక్కుండా తమంతట తామే నేర్చుకోవాలి. చిక్కొస్తే తామే విప్పుకోవాలి. టాబ్‌లో చార్జింగ్ అయిపోతే తామే లేచి వెళ్ళి, తరగతి వెనక ఉన్న చార్జింగ్ గదిలో మార్చుకుని రావాలి. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ వయసులో నోరు ఊరుకోదు కదా! ఒకడు "టీచర్" అంటే పదిమంది "టీచర్ టీచర్" అంటారు. అందుకని టీచరమ్మ ఒక ఆట కనిపెట్టింది. ఆమె బల్ల మీద ఇత్తడి చేతిగంట ఒకటి ఉంటుంది. సొంత చదువు మొదలుపెట్టేటప్పుడు ఒకసారి మోగిస్తుంది. అయిపోయాక మళ్ళీ మోగిస్తుంది. ఈ మధ్యలో ఎవరూ నోరు విప్పకూడదు. ఆమె మాత్రం కావాలనే ఉండుండి ఎవరో ఒకరిని పేరు పెట్టి పిలుస్తుంది. పలికినవాళ్ళు ఓడిపోయినట్టు. నోరు బిగబట్టినవాళ్ళకి ఇంటికెళ్ళేముందు చేతిమీద ఒక నక్షత్రం స్టిక్కరు.

"ఆట అయిపోయిందని నేను చెప్పినా నమ్మొద్దు. ఐస్‌క్రీం ఇస్తానన్నా నమ్మొద్దు. గంటనే నమ్మండి," అని వాళ్ళకి నూరిపోసింది. ఏడిపించడానికి ఒక్కోసారి నిజంగానే, "ఆట అయిపోయిందర్రా, ఇంక మాట్లాడండి," అనేది. మొదట్లో పాపం చాలామంది బుట్టలో పడ్డారు. తరవాత తరవాత ఆరితేరిపోయారు.

తరగతులు ఊడ్చే ఆయమ్మకి ఈ వ్యవహారం నచ్చేది కాదు. "ఇదేం చదువో, నోటికి తాళమేసే చదువు," అని గొణిగేది. ఆయమ్మ చీపురు దొరక్కపోయినా గొణుగుతుంది, దొరికినా గొణుగుతుంది. కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఈ ఆటలో రోజూ ఓడిపోయేది ఒక్కతే. దాని ముద్దుపేరు పిచ్చుక. టీచరమ్మకి సొంత అక్క కూతురు. అక్కాచెల్లెళ్ళు ఉండేది ఒకే ఇంట్లో. అక్క రెండు వీధుల అవతల బట్టల దుకాణంలో కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. పిల్లని బడిలో వేసినరోజు చెల్లెలి చెయ్యి పట్టుకుని, "నీ చేతుల్లో పెడుతున్నానే. ఇంక నాకే బెంగా లేదు," అంది. ఆ మాట టీచరమ్మకి ఎంత బరువంటే, తన పిల్లని ముద్దు చేస్తోందని ఎవరూ అనకూడదని పిచ్చుకతో మిగతావాళ్ళకన్నా ఒక పిసరు కటువుగానే ఉండేది. బడిలో పిన్నీ అనకూడదు, టీచర్ అనాలి అని గట్టిగా చెప్పింది.

పిచ్చుకకి అదెక్కడ తలకెక్కుతుంది! "పిచ్చుకా" అని పిలవడం ఆలస్యం, "ఏంటి పిన్నీ!" అని ఠక్కున పలికేది. పిల్లలంతా నోళ్ళు మూసుకుని కళ్ళతోనే నవ్వేవారు. చేరిందగ్గర్నించీ దాని చేతికి ఒక్క నక్షత్రమూ దక్కలేదు. ఒకరోజు సాయంత్రం ఇంటికి నడుస్తూ ఒకటే ఏడుపు. "రేపు చూడు. నువ్వు ఎన్నిసార్లు పిలిచినా పలకను. ఒట్టు," అంది ముక్కు చీదుకుంటూ.

"చూద్దాంలే," అంది పిన్ని, నవ్వుతూ.

మర్నాడు గంట మోగింది. గది సద్దుమణిగింది. టీచరమ్మ తన పెద్ద టాబ్ ముందు కూర్చుంది. అందులో ఒక్కో పిల్లకీ ఒక్కో చుక్క. పిల్ల పని చేసుకుంటుంటే ఆకుపచ్చగా వెలుగుతుంది, ఆగిపోతే బూడిదరంగుకి మారుతుంది. చుక్కని నొక్కితే ఆ పిల్ల ఏం చేస్తోందో కనపడుతుంది. ఈ టాబులు వచ్చిన కొత్తలో ఆమె మధ్యమధ్యలో తలెత్తి తలలు లెక్కపెట్టుకునేది. పోనుపోను చుక్కలు లెక్కపెట్టుకోవడం అలవాటైంది. తలలు కదులుతాయి. చుక్కలైతే ఉన్నచోటే ఉంటాయి.

ఆ రోజు ఉంగరాలోడి చుక్క బూడిదరంగుకి మారింది. ఉంగరాల జుట్టుతో ఉంటాడని వాడికా పేరు. పిచ్చుక పక్కన కూర్చునేది వాడే. ఓరకంట చూసింది. ఎదురుగా తల వంచుకుని వేలితో టకటకా నొక్కుతూనే ఉన్నాడు. ఇంటర్నెట్టు గోల అనుకుని వదిలేసి, తల్లిదండ్రులకి పంపాల్సిన మెసేజీలు రాసుకోవడంలో పడింది. అలవాటుగా ఒకసారి, "పిచ్చుకా," అని పిలిచింది. జవాబు రాలేదు. 'అబ్బో, ఒట్టు నిలబెట్టుకుంటోందే,' అని ముచ్చటపడింది.

కాసేపటికి పిచ్చుక చుక్కని నొక్కి చూసింది. ఆశ్చర్యం! ఏడు దాటితే తడబడే పిల్ల ఒక్క తప్పూ లేకుండా లెక్కలు చేసుకుంటూ పోతోంది. టీచరమ్మ మనసు ఉప్పొంగింది. సాయంత్రం అక్కకి ఎలా చెప్పాలో కూడా మాటలు కూర్చుకుంది. పిల్లని చూసి ఒక నవ్వు నవ్వుదామని తలెత్తింది.

ఉంగరాలోడి పక్కన చాప ఖాళీగా ఉంది.

ఒక్క క్షణం ఏమీ అర్థంకాలేదు. టాబ్‌లో చుక్క ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది. చాప మీద పిల్ల లేదు. లేచి బాత్రూములో చూసింది. లేదు. వరండాలో చూసింది. లేదు. చార్జింగ్ గదికి తాళం వేలాడుతోంది. దాని ముందు నిలబడే, "పిచ్చుకా! ఎక్కడున్నావే?" అని కేకేసి ముందుకి వెళ్ళిపోయింది.

"పిచ్చుక ఏదర్రా?" అంది తరగతిలోకి వచ్చి.

ఎవరూ నోరు విప్పలేదు. ఒక పిల్ల కిసుక్కుమని వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

"ఆట కాదు. నిజంగా అడుగుతున్నాను. ఎవరైనా చూశారా?"

గదినిండా బుల్లి బుల్లి కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. ఉంగరాలోడు తల ఇంకా కిందకి వంచేసుకున్నాడు. పసివాళ్ళు, వాళ్ళకేం తెలుస్తుంది అనుకుని, పక్క తరగతి టీచరుని కాస్త చూస్తుండమని చెప్పి బయటికి పరిగెత్తింది.

పెద్దగేటు బార్లా తీసి ఉంది. అది చూడగానే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. గేటు అవతల వీధి. వీధిలో బస్సులు, మోటారు సైకిళ్ళు. గేటు ఇవతల నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంది. దాని పైపు బడి పక్కనుంచి వెనక్కి పాకింది. పైపు వెంట ఆమె వెనక్కి వెళ్ళింది. అక్కడ నేలలోకి కట్టిన నీళ్ళ తొట్టి ఉంది. దాని ఇనుప మూత తీసి గోడకి ఆనించి ఉంది. డ్రైవరు కాస్త ఎడంగా గోడనీడలో గొంతుక్కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

"ఇటు చిన్నపిల్ల ఎవరైనా వచ్చిందా?"

"నేను చూళ్ళేదమ్మా," అన్నాడు. ఆ మాటకి అర్థం రాలేదని కాదు, చూడలేదని. ఆ తేడా అతనికీ అప్పుడే తెలిసినట్టుంది. మొహం పాలిపోయింది.

టీచరమ్మ తొట్టి అంచున బోర్లా పడుకుని లోపలికి చూసింది. నల్లటి నీళ్ళు. పైపులోంచి పడుతున్న ధారకి సుళ్ళు తిరుగుతున్నాయి. భుజం దాకా చెయ్యి ముంచి వెతికింది. చల్లదనం తప్ప ఏమీ తగల్లేదు. "పిచ్చుకా! పిచ్చుకా!" అని తొట్టిలోకి అరిచింది. తన గొంతే గుయ్యిమని తిరిగొచ్చింది.

ఆ కేకలకి బడి పెద్దమేడమూ, ఆయమ్మా, ఎదుటి దుకాణాలవాళ్ళూ పోగయ్యారు. కొందరు వీధిలో చెరోవైపూ పరిగెత్తారు. డ్రైవరు నీళ్ళు కట్టేసి, చొక్కా విప్పి తొట్టిలోకి దిగాడు. మెడదాకా వచ్చాయి నీళ్ళు. కాళ్ళతో అడుగున తడుముకుంటూ గోడవారగా జరుగుతున్నాడు. అతని కాలు ఆగిన ప్రతిసారీ గట్టుమీద అందరి ఊపిరీ ఆగేది.

"ఏదో తగిలింది," అన్నాడు.

దేవుడా, అది కాకూడదు, అది కాకూడదు అని టీచరమ్మ పెదాలు వాటంతటవే కొట్టుకున్నాయి. అతను బుడుంగున మునిగి లేచాడు. చేతిలో పాత గోనెపట్టా ఉంది, బురద కారుతూ. ఆయమ్మ అక్కడే కూలబడి నెత్తి కొట్టుకుంది. డ్రైవరు మళ్ళీ మునిగాడు.

"వాళ్ళమ్మకి చెప్పావా?" అంది పెద్దమేడమ్, మెల్లిగా.

టీచరమ్మ ఫోను తీసి నొక్కింది. అవతల కుట్టుమిషన్ల చప్పుడు.

"అక్కా, నువ్వోసారి బడికి రా."

"ఏమైందే? దానికి జ్వరమా?"

"కాదు. రా అక్కా."

"అలా ఉందేంటి నీ గొంతు? ఓసారి ఫోను దానికివ్వు."

టీచరమ్మ ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. "ఇవ్వవే దానికి," అంది అక్క మళ్ళీ. తరవాత కుట్టుమిషన్ల చప్పుడు ఆగిపోయింది. ఫోను కింద పెట్టేసి బయల్దేరిందన్నమాట. రెండు వీధులు ఎంతసేపు! అక్క ఆ గేటులోంచి పరిగెత్తుకుంటూ వస్తే ఏం చెప్పాలి? దాని చుక్క వెలుగుతూనే ఉందక్కా, పిల్లే లేదు అని చెప్పాలా?

"పోలీసులకి ఫోను చేశాను. ఫోటో కావాలిట," అంది పెద్దమేడమ్. "పిల్ల టాబ్‌లో ఉంటుంది కదా, పట్రా."

టీచరమ్మ తరగతిలోకి పరిగెత్తి, గుమ్మంలోనే ఆగిపోయింది.

పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడే కూర్చుని ఉన్నారు. తినే వేళ దాటిపోయింది. బయట అంత గోల జరుగుతోంది. ఒక్కడూ కదల్లేదు, ఒక్కడూ మాట్లాడలేదు. ఒక చిన్నది అడగలేక చాప మీదే తడుపుకుని, ఆ తడిలోనే కూర్చుని ఉంది. "ఏం పిల్లలమ్మా వీళ్ళు? ఎంత అడిగినా నోరు విప్పరు. నాకే భయం వేస్తోంది," అంది పక్క తరగతి టీచరు. ఇన్నాళ్ళూ ఊరంతటికీ చూపించుకుని మురిసిపోయిన ఆ నిశ్శబ్దాన్ని చూస్తే టీచరమ్మకి మొదటిసారి ఒళ్ళు జలదరించింది.

పిచ్చుక చాప మీద టాబ్ లేదు. పక్కనే ఉన్న ఉంగరాలోడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని వాడి ఒళ్ళో టాబ్ అందుకుంది. తెరమీద మూలన పిచ్చుక ఫోటో, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ.

"ఇది పిచ్చుకది కదరా! నీ దగ్గర ఎందుకుంది? అదేదీ?"

వాడి కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. రెండు చేతులతోనూ నోరు గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. చెప్పాలని ఉంది వాడికి. చెప్పలేక ఉక్కిరిబిక్కిరైపోతున్నాడు. చివరికి ఒక చెయ్యి తీసి, వేలితో ఆమె బల్ల వైపు చూపించాడు.

బల్ల మీద గంట ఉంది.

ఆమెకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఎగిరి వెళ్ళి గంట అందుకుని పిచ్చిదానిలా మోగించింది. మోగీ మోగకముందే గది భళ్ళున బద్దలైంది. ఏడుపులు, అరుపులు, టీచర్ టీచర్ అని కేకలు. అన్నిటినీ మించి ఉంగరాలోడి గొంతు: "చార్జింగ్ గదిలో ఉంది టీచర్! నా టాబ్ ఆరిపోయింది. తనది నాకిచ్చి, నాకోసం వేరేది తెస్తానని వెళ్ళింది. ఆయమ్మ తాళం వేసేసింది!"

చార్జింగ్ గది అంటే గొప్ప గదేం కాదు. ఒకప్పుడు చీపుళ్ళు పెట్టుకున్న గూడు. కిటికీ లేదు. లైటు స్విచ్చి బయట ఉంటుంది. గోడనిండా చార్జర్లు పొద్దస్తమానం సెగలు కక్కుతుంటాయి. పిల్లల కోసం పొద్దున్న తీసిపెట్టినా, లోపల ఎవరూ లేకుండా తలుపు తెరిచి కనపడితే వెంటనే తాళం వెయ్యమని పెద్దమేడమ్ ఆజ్ఞ. ఆయమ్మ అటు వెళ్ళినప్పుడల్లా లైటు ఆర్పడం, తలుపు లాగడం, తాళం బిగించడం అయిపోతుంది. ఆ పని ఆమె చేతులు చేసుకుపోతాయి, తలకి తెలియదు.

"పిచ్చుకా! గంట మోగింది తల్లీ! పలుకు!" తలుపు మీద రెండు చేతులతోనూ బాదింది టీచరమ్మ.

లోపల్నుంచి చప్పుడు లేదు.

"పిచ్చుకా! ఇంక పలకచ్చే! గంట మోగింది!"

చప్పుడు లేదు. అప్పుడు ఆమెకి పట్టిన భయం తొట్టి దగ్గర కూడా పట్టలేదు. అక్కడ పిల్ల ఉందో లేదో తెలియదు. ఇక్కడ ఉంది. ఉండి పలకడం లేదు. ఇందాక ఇదే తలుపు ముందు నిలబడి పిలిచింది తను. అప్పుడు లోపల పిల్ల మెలకువగానే ఉండి ఉంటుంది. వింటూనే ఉండి ఉంటుంది. నోటి మీద చెయ్యి పెట్టుకుని ఉండి ఉంటుంది.

ఆయమ్మ పడుతూ లేస్తూ వచ్చింది. "నా చేతులు పడిపోనూ! నేనే వేశానమ్మా, నేనే వేశాను!" అని ఏడుస్తూ బొడ్లోంచి తాళంచెవి తీసింది. ఆ వణికే చేతుల్లో అది ఎటు తిప్పినా దూరదు. టీచరమ్మ లాక్కుని తనే తిప్పింది. తలుపు తెరవగానే పొయ్యి మూత తీసినట్టు సెగ మొహాన కొట్టింది. చీకట్లో చార్జర్ల ఆకుపచ్చ చుక్కలు మినుకుమినుకుమంటున్నాయి. అరల కింద, గోడ మూలకి ముడుచుకుని, కొత్త టాబ్ ఒకటి గుండెకి హత్తుకుని పడుంది పిచ్చుక. గౌను చెమటకి తడిసి ముద్దయింది. కళ్ళు మూతలుపడి ఉన్నాయి. ఒక చెయ్యి ఇంకా నోటి మీదే ఉంది.

ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తింది. ఎవరో మొహాన నీళ్ళు చల్లారు, ఎవరో అట్టతో విసిరారు. టీచరమ్మ ఆ వేడి ఒంటిని తడికొంగుతో తుడుస్తూ, పిల్ల ముక్కు దగ్గర తన చెంప పెట్టి చూసింది. ఊపిరి తగిలింది. అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకి.

అక్క వచ్చేసరికి పిల్ల కళ్ళు తెరుస్తోంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతుండగా వచ్చి కూతురి పక్కన కూలబడింది. పిచ్చుక వాళ్ళమ్మని చూసింది. పిన్నిని చూసింది. ఎండిపోయిన పెదాలు తడుపుకుని, రహస్యం అడిగినట్టు మెల్లిగా అడిగింది.

"గంట మోగిందా?"

"మోగింది తల్లీ, మోగింది."

"నువ్వు చాలాసార్లు పిలిచావు పిన్నీ. కాదు, టీచర్. గోడ అవతల ఏడ్చినట్టు కూడా పిలిచావు. అయినా నేను పలకలేదు. లోపల ఆకుపచ్చ చుక్కలున్నాయిగా, నాకు భయం వెయ్యలేదు. కొంచెం వేసింది." చెయ్యి ముందుకి చాపింది. "నక్షత్రం ఇవ్వు."

అక్కకి ఏమీ అర్థంకాలేదు. "ఏం నక్షత్రమే? అదేమిటే అంటున్నది?" అని చెల్లెలి మొహంలోకి చూసింది. చెల్లెలు తలెత్తలేకపోయింది. చాపిన చెయ్యి అలాగే ఉంది. ఉంగరాలోడు గబగబా తరగతిలోకి వెళ్ళి, బల్లమీది స్టిక్కర్లలోంచి ఒకటి పీకి తెచ్చి పిచ్చుక చేతికి అంటించాడు. వాడి లెక్కలో అందులో తప్పేమీ లేదు.

వీధి చివర డాక్టరు చూసి, ఉక్కకి సొమ్మసిల్లింది, గండం గడిచింది, నీళ్ళు బాగా తాగించండి అని చెప్పి పంపించాడు. దారి పొడుగునా అక్క పిల్లని కిందకి దించలేదు. టీచరమ్మ వెనకాలే నడుస్తూ, జరిగింది జరిగినట్టు చెప్పింది, ఆట సంగతితో సహా. అక్క ఊ అనలేదు, ఆ అనలేదు. తిట్టినా బావుండేది.

సాయంత్రం అక్క వంటింట్లోంచి పిలిచింది. "పిచ్చుకా, తిందువుగాని రా."

పిల్ల పలకలేదు.

"పిచ్చుకా!"

గరిట కింద పడిన చప్పుడైంది. ముందుగదిలో ఉన్న టీచరమ్మ కూడా లేచి పరిగెత్తింది. ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకుంటూ బాల్కనీ చూశారు. బాత్రూములో నీళ్ళ డ్రమ్ము మూత ఎత్తి చూశారు. మంచం కింద వంగి చూశారు. "పిచ్చుకా! ఎక్కడే!" అక్క గొంతు కీచుమంది. ఇంటి తలుపు గడియ వేసే ఉంది. అయినా టీచరమ్మ అది తీసి బయటికి తొంగిచూసింది.

కిటికీ పరదా కింద రెండు చిన్న పాదాలు కనపడ్డాయి.

అక్క పరదా లాగేసింది. పిచ్చుక గోడకి ఆనుకుని, పెదాలు బిగబట్టి నిలబడి ఉంది. చేతిమీద నక్షత్రం అలాగే ఉంది. స్నానంలో తడవకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుంది మరి.

"పిలుస్తుంటే పలకవేం?" అంది అక్క, ఊపిరాడక.

పిల్ల వాళ్ళిద్దరి మొహాలనీ మార్చి మార్చి చూసింది. ఏడుస్తున్నారో, ఏడిపిస్తున్నారో దానికి తెలియలేదు. ఇంట్లో గంట కూడా లేదు.

"నిజంగా పిలిచావా అమ్మా, ఆటకి పిలిచావా?" అంది. "నాకెలా తెలుస్తుంది?"

అక్క మెల్లిగా తిరిగి చెల్లెలి వైపు చూసింది.

"మీ పిన్నిని అడుగు," అంది.